పడుకోనీకి జాగ ఉందా స్వామీ?

హైదరాబాద్‌లో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం దాటేసరికి శ్రీశైలంలో దిగుతాం. నడిచేవాళ్లకు అదే దారి ఏడెనిమిది రోజులు పడుతుంది. చాంద్రాయణగుట్ట దాటి, పహాడీషరీఫ్ గుట్ట కింద నుంచి తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా నల్లమలలోకి పోయే 765వ నంబరు జాతీయ రహదారి అది. మొత్తం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. శివరాత్రికి వారం పది రోజుల ముందు నుంచి ఈ రోడ్డంచున ఎటు చూసినా చెప్పుల్లేని కాళ్లు కనబడతాయి.

ఈ ఏడాది, అంటే 2026లో, శివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం నాడు. మా చిన్నమ్మ వాళ్ల భజన బృందం ఏటా తుక్కుగూడ దాటాక రోడ్డు పక్కన పాదయాత్ర స్వాములకు విడిది ఏర్పాటు చేస్తుంది. మామూలుగా మాఘమాసంలో ఫంక్షన్ హాలు దొరకడం వట్టి మాట, షామియానా కిందే సర్దుకునేవారు. ఈసారి శుక్ర మూఢం వల్ల పెళ్లిళ్లు లేవు. హాలు ఖాళీగానే ఉంది కదా అని యజమాని తాళాలిచ్చాడు, కరెంటు బిల్లు మాత్రం మీరే కట్టుకోండన్నాడు. పనికి మనుషులు చాలట్లేదని చిన్నమ్మ ఫోన్ చేస్తే ఆఫీసులో సెలవు పెట్టి బయల్దేరాను. నాకు పెద్ద భక్తేమీ లేదు. ఆ మాట చిన్నమ్మకూ తెలుసు, ఆవిడకు కావలసింది చీపురు పట్టే చెయ్యి.

శుక్రవారం

మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేదాకా ప్రయాణం హాయిగా సాగింది. అక్కడి నుంచి బస్సు, ఆటో మారుకుంటూ తుక్కుగూడ చేరడానికి మాత్రం మెట్రోలో కూర్చున్నంత సేపూ పట్టింది, ఇంకా పైన కూడా. ఔటర్ రింగ్ రోడ్డు వంతెన దాటగానే ఊరు పలచబడుతుంది. కొత్త వెంచర్ల జెండాలు, మధ్యలో ఖాళీ చేలు, నెత్తి మీద శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు దిగే విమానాలు.

హాల్లో పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కూర్చునే వేదిక మీద బియ్యం బస్తాలు పేర్చారు. వెనక వంటశాలలో గుండిగలు కడుగుతున్నారు. పని పంచుకునే దగ్గరే నాకు ఈ సేవ సంగతి కొంత అర్థమైంది. వడ్డనకు పేరిమ్మంటే చేతులు గుంపుగా లేచాయి. పప్పు నేనంటే సాంబారు నేనని పోటీ. బాత్రూములు కడగడానికెవరు అని చిన్నమ్మ అడిగితే అందరూ విస్తళ్లు లెక్కపెట్టే పనిలో పడ్డారు. చివరికి చిన్నమ్మ, నేను, ఆమె తోడికోడలు, ఒక డిగ్రీ కుర్రాడు మిగిలాం.

చీకటి పడుతుండగా మొదటి గుంపు వచ్చింది. అంతా నగరంలోని వాళ్లే, సైదాబాద్, ఉప్పుగూడ వైపు నుంచి. ఆ పొద్దునే ఇంట్లో పూజ చేసుకుని, నెత్తిన జ్యోతిర్ముడి పెట్టుకుని కదిలారు. శబరిమలకు ఇరుముడి ఎలాగో, శివదీక్ష పట్టిన వాళ్లకు శ్రీశైలం మోసుకెళ్లే ముడి అలాగ. "రండి స్వామీ, భిక్ష చేద్దురు" అని మా వాళ్లు ఎదురెళ్లారు. ముందు నడుస్తున్న గురుస్వామి చెయ్యి అడ్డం పెట్టి, "భిక్ష అయింది స్వామీ. పడుకోనీకి జాగ ఉందా?" అన్నాడు.

ఆ రాత్రి వచ్చిన ప్రతి గుంపూ అడిగిన మొదటి మాట అదే. చాంద్రాయణగుట్ట నుంచి ఇక్కడిదాకా దారి పొడుగునా పులిహోర, ఉప్మా, అరటిపండ్లు, మజ్జిగ. వద్దంటున్నా చేతిలో పెడుతున్నారట. ఒక కుర్ర స్వామి సంచిలో నుంచి ఆరో ఏడో బిస్కెట్ ప్యాకెట్లు తీసి మా బల్ల మీద పెట్టి, "బరువైతున్నయక్కా, మీరే ఎవరికన్నా ఇయ్యున్రి" అన్నాడు. వంట మాస్టర్ అన్నం గుండిగ వైపు చూసి ఏమీ అనలేదు. రేపటికి సగం బియ్యమే నానేద్దామని మాత్రం పడుకునే ముందు అన్నాడు.

శనివారం

పొద్దున మూడున్నరకే లేచి నడక మొదలుపెడతారు. ఎండ ఎక్కేలోపు ఎంత దూరం పోతే అంత లాభం. ఫిబ్రవరిలో తెల్లవారుజామున చలి ఉంటుంది కానీ పదకొండు దాటితే తారు కాలుతుంది. చెప్పుల్లేని కాలికి అది వేరే రుతువు.

ఈ రోజంతా నేను పాదాల దగ్గరే కూర్చున్నాను. మా విడిదికి రోజూ ఒక రిటైరైన నర్సు వస్తుంది, అందరూ సిస్టర్ అంటారు. ప్లాస్టిక్ కుర్చీ, చిన్న స్టూలు, రెండు టబ్బులు, గాజు గుడ్డ, దూది, బెటాడిన్, మైక్రోపోర్ టేపు. ఇదే ఆమె ఆస్పత్రి. ముందు రోజు బయల్దేరిన వాళ్ల పాదాలు, మూడు రోజుల కింద మెదక్ వైపు నుంచి బయల్దేరిన వాళ్ల పాదాలు పక్కపక్కన పెడితే ఎవరివి ఏవో ఇట్టే చెప్పొచ్చు. మొదటి రోజు వాళ్లకు మడమ కిందా బొటనవేలి కిందా నీటి బొబ్బలు. మూడో రోజు వాళ్లకు బొబ్బలు చితికి, ఎండి, తోలు గట్టిపడుతూ ఉంటుంది. అసలు బాధ వాళ్లకు తొడలు ఒరుసుకుపోయిన చోట. అది సిగ్గుపడి చెప్పరు. అందుకే సిస్టర్ అడగకుండానే ప్రతి మగవాడి చేతిలో చిన్న వ్యాసలైన్ డబ్బా పెట్టి, "ఎక్కడ రాయాల్నో నీకే తెలుసు స్వామీ" అని పంపేస్తుంది.

బొబ్బ మీద ఆమెకు గట్టి అభిప్రాయాలున్నాయి. చిన్నదైతే ముట్టుకోవద్దు. పెద్దదై నడవనివ్వకపోతే శుభ్రం చేసిన సూదితో అంచున పొడిచి నీళ్లు దింపాలి, పై తోలు మాత్రం పీకకూడదు. కొంతమంది సూదికి దారం ఎక్కించి బొబ్బలో నుంచి అవతలికి లాగి ఆ దారాన్ని అలాగే వదిలేస్తారు, నీళ్లు కారిపోతాయని. సిస్టర్ ఆ దారాలు కత్తిరించి బయట పారేసింది. రోడ్డు మట్టంతా ఆ దారం పట్టుకుని లోపలికి పోతుందని ఆమె కోపం. వేణ్నీళ్లలో ఉప్పేసి కాళ్లు నానబెట్టడం అందరికీ ఇష్టం, మేమూ టబ్బులు పెట్టాం. అయితే పది నిమిషాలకు మించి ఉండనివ్వదు. తోలు మెత్తబడితే మర్నాడు ఇంకా లేస్తుంది, నడిచి వచ్చిన కాలు తుడుచుకుని ఆరబెట్టుకోవాలి అంటుంది. తర్వాత కాళ్లు గోడకు ఆనించి ఎత్తుగా పెట్టి పడుకోమంటుంది. గోడ పొడుగునా పదిహేను ఇరవై మంది స్వాములు కాళ్లు పైకెత్తి వెల్లకిలా పడుకుని ఫోన్లు చూసుకుంటుంటే చూడాలి ఆ హాలును.

సాయంత్రం ఒకాయన వచ్చాడు, అరవై దాటి ఉంటాయి. కాళ్లకేం కాలేదు, మందేమన్నా ఉంటే తలనొప్పికివ్వండి అన్నాడు. సిస్టర్ పాదం ఎత్తి చూసింది. అరికాల్లో చిన్న కంకర రాయి దిగబడి ఉంది, చుట్టూ ఎర్రగా వాచింది. "ఇది గుచ్చుకున్నట్టు తెల్వలేదా?" అంటే, "ఏది?" అన్నాడాయన.

పన్నెండేళ్లుగా షుగరట. కాలికి స్పర్శ తగ్గిపోయింది. దెబ్బ తగిలినా నొప్పి తెలియదు, నొప్పి తెలియకపోతే నడక ఆపడు, ఆపకపోతే పుండు ముదురుతుంది. షుగరున్న వాళ్ల కాళ్లు పోయేది ఎక్కువగా ఇలా మొదలయ్యే అని సిస్టర్ ఆయన ముందే చెప్పింది. బస్సులో ఇంటికి పొమ్మంది. ఆయన ససేమిరా అన్నాడు. కొడుక్కి ఉద్యోగం వస్తే నడిచి వస్తానని మొక్కుకున్నాడట. చెప్పులన్నా వేసుకోమంటే దీక్షలో ఎట్లా వేసుకుంటానని ఎదురు ప్రశ్న. సిస్టర్‌కూ ఆయనకూ నడుమ చాలాసేపు నడిచింది. చివరికి వాళ్ల గురుస్వామిని పిలిపించారు. గురుస్వామి ఆయనకంటే సగం వయసువాడు. పాదం చూసి ఒక్క మాటలో తేల్చేశాడు: "మల్లన్న నిన్ను రమ్మన్నడు గానీ కాలు ఇడిసిపెట్టి రమ్మన్నడా పెద్దాయనా? గుడ్డ బూట్లు ఏసుకో. పాపం నా మీద ఏసుకుంట." రాయి తీయించి, టీటీ సూది వేయించడానికి డిగ్రీ కుర్రాడు బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడు. గుడ్డ బూట్లు నేనే తెచ్చాను, తుక్కుగూడ సెంటర్లో.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగింది షుగరుందా అనే. అడిగితే గానీ చెప్పరు.

ఆదివారం

సెలవు రోజు కాబట్టి నగరం కదిలి వచ్చింది. నడిచేవాళ్లు కాదు, పెట్టేవాళ్లు. కార్ల డిక్కీలు తెరిచి రోడ్డు మీదే సమోసా, బాదం పాలు, లస్సీ, ఐస్‌క్రీం. మంచి మనసుతోనే వచ్చారు, కాదనను. కాకపోతే మధ్యాహ్నానికి మా గేటు ముందు పేపర్ ప్లేట్లూ ప్లాస్టిక్ గ్లాసులూ గుట్ట అయ్యాయి, వాటి మీద కాలు వేసి జారిన స్వామి ఒకాయన మోకాలు చీరుకుపోయి మా సిస్టర్ దగ్గరికే వచ్చాడు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచిన వాళ్లు మాత్రం బాగా ఆలోచించారు, కానీ ఎలా కలపాలో చెప్పలేదు. చాలామంది లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో వేసుకుని ఉప్పగా ఉందని మొహం చిట్లిస్తూ తాగుతున్నారు. అంత చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు. అట్టముక్క మీద "ఒక ప్యాకెట్, ఒక లీటరు" అని పెద్ద అక్షరాలతో రాసి వేలాడదీశాం.

మా పక్కనే ఇంకో పందిరి వెలిసింది. వాళ్లకు డీజే ఉంది. శివుడి పాటలే, కానీ హాలు కిటికీ అద్దాలు అదిరేంత. మధ్యాహ్నం మూడున్నర దాకా ఓర్చుకున్నాం. ఆ సమయంలోనే స్వాములు పడుకునేది, సాయంత్రం మళ్లీ నడవాలి. చిన్నమ్మ వెళ్లి అడిగితే, "దేవుడి పాటకు అభ్యంతరమేందమ్మా?" అన్నారు. చిన్నమ్మ వాదించలేదు. వాళ్లలో ఇద్దరిని పిలుచుకొచ్చి హాల్లో పడుకున్న వాళ్లను చూపించింది. చెవుల మీద తువాళ్లు చుట్టుకుని, కొందరు బోర్లా, కొందరు మూలలకు ముడుచుకుని. పాటలు ఆపేశారు. రాత్రి భజనకు వాళ్ల డప్పులతో మా దగ్గరికే వచ్చారు కూడా.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఈసారి పాదయాత్రలో ఆడవాళ్లు నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ. వాళ్లకు పడుకునే చోటు కంటే ముందు కావలసింది తలుపున్న బాత్రూము. ఒకావిడ పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టలేదట. తాగితే ఎక్కడికి పోవాలి అని. ఎండలో ఇరవై కిలోమీటర్లు, నీళ్లు తాగకుండా, బాత్రూము కోసం భయపడి. దారిలో ఎన్ని లస్సీలు పోస్తే మాత్రం ఏం లాభం? హాల్లో మేడ మీద పెళ్లికూతురు గదులు రెండున్నాయి, వాటి తాళాలు తీయించి ఆడవాళ్లకే అని రాసి పెట్టాం. తలుపు దగ్గర వరస తెల్లారే దాకా తగ్గలేదు. నీళ్ల ట్యాంకర్ రెండోసారి తెప్పించాల్సి వచ్చింది.

సోమవారం

ఆదివారం హడావుడి తర్వాత హాలు కాస్త నెమ్మదించింది. పొద్దునంతా చద్దర్లు ఉతికాం.

రాత్రి జహీరాబాద్ వైపు నుంచి ఒక చిన్న గుంపు వచ్చింది. వాళ్లలో ఒక తాత ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాడు, కర్నూలు వైపు దారి కూడా చూసినవాడు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా అడవిలో నడిచే పాత బాట అది. ఉగాదికి కర్ణాటక నుంచి లక్షల్లో వచ్చే జనం ఆ బాటనే పోతారు. భ్రమరాంబ వాళ్ల ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. అందుకే పండక్కి సారె పట్టుకుని పోయినట్టు పోతారు. కొందరైతే మరగాళ్లు, అంటే పొడుగాటి కర్రకాళ్లు, కట్టుకుని వస్తారని తాత చెప్పాడు. మా డిగ్రీ కుర్రాడు నమ్మలేదు. తాతకు కోపం వచ్చి, "ఉగాదికి రా, సూపిస్త" అన్నాడు.

"ఆ బాట మంచిదా, ఈ రోడ్డు మంచిదా తాతా?" అని అడిగాను.

"అడవిల రాళ్లు గుచ్చుకుంటయి బిడ్డా, గీడ లారీలు గుద్దుతయి" అన్నాడు. "రాయి సూసుకుంట నడవొచ్చు, ఎన్కనుంచి ఒచ్చే లారీని ఎట్ల సూస్తం?"

అందుకే రోడ్డుకు కుడి పక్కన, వచ్చే బండి కళ్లకు కనబడేలా నడవండని మేం అందరికీ చెబుతున్నాం. చీకట్లో నడిచేవాళ్ల సంచులకూ ముడులకూ వెనక రేడియం స్టిక్కర్లు అంటిస్తున్నాం. బైకుల షాపులో దొరికే మామూలు స్టిక్కర్ అది. ఈ విడిదిలో జరిగిన పనులన్నింటిలో ఖర్చు తక్కువ, అక్కర ఎక్కువ ఉన్న పని ఇదేనని నా లెక్క. ముడికి స్టిక్కరేమిటని ఒకరిద్దరు ముఖం ముడిచారు. తాత మాత్రం తన చేతికర్రకూ, భుజం మీది తువాలుకూ కూడా వేయించుకున్నాడు.

మంగళవారం

నడిచేవాళ్లు పలచబడ్డారు. ఇప్పుడు ఇక్కడి నుంచి కదిలితే శివరాత్రికి అందుకోవడం కష్టమే, రోజుకు నలభై నడిచే వయసు కుర్రాళ్లు తప్ప. సాయంత్రానికి హాలు కడిగి తాళాలు అప్పగించాం. మిగిలిన సరుకు లెక్క చూస్తే బియ్యం, గోధుమ రవ్వ, బిస్కెట్లు మిగిలాయి. గాజు గుడ్డ, వ్యాసలైన్, ఫినాయిల్, సబ్బులు ఒక్కటి కూడా మిగల్లేదు.

గురువారం

మిగిలిన సరుకు అడవి ముందు నడిచే క్యాంపులకు ఇచ్చేద్దామని డీసీఎం వ్యాను అద్దెకు మాట్లాడారు. భజన బృందంలోని కిరాణా దుకాణం అన్న, చిన్నమ్మ, నేను ముందు సీట్లో ఇరుక్కున్నాం. మైసిగండి మైసమ్మ దగ్గర బండికి కొబ్బరికాయ కొట్టాకే డ్రైవర్ గేరు వేశాడు. ఆమనగల్లు, వెల్దండ దాటే దాకా రోడ్డు పక్కన మనుషులు విడివిడిగా కనబడ్డారు. కల్వకుర్తి తర్వాత గుంపులు చిక్కబడ్డాయి. డిండి దగ్గర చెరువు గాలికి చెట్ల కింద పడుకున్న వాళ్లను చూస్తే, ఇక్కడ మన విడిది అక్కర్లేదనిపించింది. నీడా నీళ్లూ ఉన్నచోట మనిషికి ఇంకేం పెట్టాలి?

అచ్చంపేట వైపు పోతే రంగాపూర్ గుట్టల్లో ఉమామహేశ్వరం ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దాన్ని. చాలామంది అక్కడ మొక్కి అడవిలోకి దిగుతారు. మేం ఆగకుండా మన్ననూరు పోయాం. చెక్‌పోస్టు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. ప్లాస్టిక్ లోపలికి పోనివ్వరు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మామూలు రోజుల్లో బండ్లు ఆపేస్తారు. ఇక్కడి నుంచి వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, డ్యాం దాటి ఘాట్ ఎక్కాలి. ఇంకా డెబ్బై కిలోమీటర్లకు అటూ ఇటుగా.

శనివారం మా దగ్గర పడుకున్న వాళ్లు ఇక్కడ కనబడ్డారు. నన్ను వాళ్లే గుర్తుపట్టారు, నాకు మొహాల కంటే పాదాలే గుర్తున్నాయి. బొబ్బలు ఎండాయి. మొదటి రోజు సంచి నిండా సామాను మోసినవాళ్ల దగ్గర ఇప్పుడు ముడి, ఒక చద్దరు, నీళ్ల సీసా, అంతే. షుగరున్న పెద్దాయన గుడ్డ బూట్లు తెగిపోయి ఇంకో జత వేసుకున్నాడు. గురుస్వామి రోజూ రాత్రి ఫోన్ లైటు పెట్టి ఆయన అరికాళ్లు తనే చూస్తున్నాడట. "మా ఇంటిది కూడా గింత సూడదమ్మా" అని పెద్దాయన నవ్వాడు.

బియ్యం, రవ్వ అక్కడి క్యాంపులకు ఇవ్వబోతే వాళ్ల దగ్గరా గుట్టలుగా ఉన్నాయి. ముగ్గురిని అడిగితే నాలుగో వాళ్లు తీసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో డీసీఎంలో వచ్చే ఏడాది లెక్క మొదలైంది. 2027లో శివరాత్రి మార్చి 6న వస్తుంది. ఎండలు ఇంకా ముదిరే వేళ. హాలు దొరకదు, షామియానానే. అంటే నీడకు పట్టాలు ఎక్కువ కావాలి, బాత్రూములు అద్దెకు తెప్పించాలి, ఆడవాళ్లకు విడిగా. అన్నదానానికైతే చందా అడగక ముందే ఇస్తారు, బాత్రూములకు ఎవరిస్తారని కిరాణా అన్న దిగులు.

"ఇచ్చినోళ్ల పేరు బోర్డు మీద రాయిద్దాం" అంది చిన్నమ్మ.

"మరుగుదొడ్డి మీద ఎవరు పేరు రాయించుకుంటరు చిన్నమ్మా?" అన్నాను.

"మరుగుదొడ్డి అని ఎందుకు రాస్తం? స్నాన ఘట్టం దాత అని రాస్తం."

కిరాణా అన్న కాసేపు రోడ్డు వైపు చూసి, "మొదటి దానికి మా నాయిన పేరు రాయున్రి" అన్నాడు. కల్వకుర్తి దాటక ముందే టెంట్ హౌస్ వాళ్లకు ఫోన్ చేసి, మార్చికి ఒక్కో దానికి అద్దె ఎంత పడుతుందో కనుక్కున్నాడు.